కోటేశ్వరమ్మ కార్డులో నేను రాయనిది

టీబీ సూపర్‌వైజరు అంటే ఏం చేస్తాడని పెళ్ళికి ముందు మా మామగారు అడిగారు. "మందులు మింగిస్తానండి" అన్నాను. "అదీ ఒక ఉద్యోగమేనా?" అన్నారు ఆయన. పాతికేళ్ళకు పైగా ఆ ఉద్యోగమే చేశాను. మొదట గుంటూరుకు దక్షిణంగా ప్రత్తిపాడు చుట్టుపక్కల, మధ్యలో కొన్నేళ్ళు ప్రకాశం జిల్లా దర్శి వైపు, చివరికి మళ్ళీ ప్రత్తిపాడు. నా పేరు మస్తాన్‌వలీ. రిటైరై రెండేళ్ళవుతోంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అనుభవాలు చెప్పమంటారు. ఏ రిజిస్టరు ఎలా నింపాలో, ఏ ఫారం ఎవరికి పంపాలో శిక్షణలో నేర్పుతారు. అవి నేను చెప్పను. ఒక కుటుంబం గురించి చెబుతాను, ఆ కుటుంబం విషయంలో నేను చేసిన తప్పు గురించి చెబుతాను.

ఇంట్లో కూర్చుంటే నాకు కాలు నిలవదు. బస్సెక్కితే ఎవరు దగ్గుతున్నారా అని వెనక్కి తిరిగి చూస్తాను. అది పొడి దగ్గా, కళ్ళె పడే దగ్గా అని చెవి అటే పోతుంది. మా ఆవిడ ఖైరున్నీసా "మీ ఉద్యోగం అయిపోయిందండీ" అని గుర్తు చేస్తుంది. కాగితం మీద పెడితే నిమ్మళిస్తానేమో అనుకున్నాను. ఇప్పటికి మూడుసార్లు రాసి చించేశాను.

మిరపకాయల దగ్గు

కోటేశ్వరమ్మకు అప్పటికి ముప్పై ఐదేళ్ళుంటాయి. ప్రత్తిపాడుకు దగ్గర్లోనే వాళ్ళ పల్లె. పత్తి తీసే రోజుల్లో పొలానికి వెళ్ళేది. మిరప కోతలు అయ్యాక మిగతా ఆడవాళ్ళతో ఆటో ఎక్కి గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీలకు, కాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. భర్త వెంకటేశ్వర్లు మూడెకరాలు కౌలుకు తీసుకుని ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప వేసేవాడు.

మిరపకాయల రాశుల మధ్య కూర్చుని పనిచేసేవాళ్ళలో దగ్గని మనిషి ఉండదు. ముక్కు కారుతుంది, గొంతు మండుతుంది, సాయంత్రం ఆటోలో అందరూ దగ్గుతూనే ఇంటికి వస్తారు. అందుకే ఆమె దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కూడా పట్టించుకోలేదు. సీజను అయిపోయినా దగ్గు పోకపోతే ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

ఆయన గట్టి యాంటీబయాటిక్ ఐదు రోజులకు ఇచ్చాడు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఇచ్చాడు. మూడోసారి ఆయనకే అనుమానం వచ్చి, మెడికల్ షాపు నుంచి టీబీ మాత్రలు తెప్పించి మొదలుపెట్టాడు. రెండు నెలలకు జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, పత్తి తీతలు వచ్చాయి. ఆమె మాత్రలు ఆపేసింది. తర్వాతి ఏడు మళ్ళీ అదే దగ్గు, మళ్ళీ అవే మాత్రలు, మళ్ళీ సగంలో ఆపడం. ఆమె మా దగ్గరికి వచ్చేసరికి కళ్ళెలో నెత్తురు జీర కనబడుతోంది. పరీక్ష చేయిస్తే మామూలుగా వాడే ముఖ్యమైన రెండు మందులకూ ఆ క్రిమి లొంగదని తేలింది. దీన్నే మొండి టీబీ అంటారు.

కోపంతో నేను ఆ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక ముసలాయనకు బీపీ చూస్తున్నాడు. చూడటం అయ్యేదాకా నన్ను నిలబెట్టి, తర్వాత నింపాదిగా అన్నాడు.

"మస్తాన్ గారూ, మీరు నెలకోసారి వస్తారు. నేను రోజూ ఉంటాను. ఆ పిల్ల ఆయాసంతో గుమ్మంలో కూర్చుంటే, మస్తాన్ గారు వచ్చే నెల వస్తారమ్మా అని చెప్పమంటారా?"

వచ్చిన కోపంతోనే బండెక్కి వెనక్కి వచ్చాను. మీరు ఏ ఊరు వెళ్ళినా ఇలాంటి మనిషి ఒకడు ఉంటాడు. ఆయనతో పోట్లాడి ఏం లాభం లేదని నా అభిప్రాయం. కళ్ళె డబ్బాలు నాలుగు ఆయన బల్ల మీద పెట్టి, రెండు వారాలు దాటిన దగ్గు వస్తే ఇందులో పట్టి పంపండి అని చెప్పడం నయం. ఆ పని చేయాలని నాకు తట్టడానికి మరో రెండేళ్ళు పట్టింది.

వెంకటేశ్వర్లుకు మాత్రం నేను పెద్దగా చెప్పాల్సిన పని పడలేదు. మందు ఎందుకు పనిచేయదని అడిగితే, "మీ పత్తిలో గులాబీ పురుగు ఉంది కదా, మొదట్లో ఒక్కసారి కొడితే పోయేది కదా" అని మొదలుపెట్టాను. అతను మధ్యలోనే అందుకున్నాడు.

"అర్థమైందండీ. సగం డోసు కొట్టి ఆపితే మెత్తవి చస్తయ్, ముదుర్లు మిగులుతయ్. తర్వాత పుట్టేయన్నీ ఆ ముదుర్ల పిల్లలే."

పెద్ద పెద్ద మీటింగుల్లో కూర్చున్నాను. ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

చెవుల్లో పిండిమర

ఆ రోజుల్లో మొండి టీబీకి వైద్యం అంటే రెండేళ్ళు. రోజుకు గుప్పెడు మాత్రలు, మొదటి ఆరు నెలల పైచిలుకు ఆదివారం తప్ప ప్రతిరోజూ ఒక ఇంజక్షన్. ఆ ఇంజక్షన్ పాతకాలపుది. కొందరికి చెవులు పోతాయని అందరికీ తెలుసు. అందుకే నెలనెలా గుంటూరు తీసుకెళ్ళి వినికిడి పరీక్ష చేయించాలి. చేయించాల్సింది నేనే.

కోటేశ్వరమ్మ ఒక్క రోజు కూడా మానలేదు. పొద్దున్నే ఊళ్ళో సబ్ సెంటరుకు వచ్చి నర్సమ్మ చేత సూది వేయించుకుని, కుంటుకుంటూ ఇంటికి వెళ్ళేది. ఆమెకు తోడుగా చెల్లెలు నాగమణి వచ్చి ఉంది. ఒకే గది, రెండు మంచాలు. నా పరిధిలో మందు మధ్యలో మానేసిన పేషెంటు ఒక్కరూ లేరని నాకు గర్వంగా ఉండేది. జిల్లా మీటింగులో నా పేరు చదివి అందరి చేత చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు మనిషిని ఎలా పాడు చేస్తాయో మీకు ఎవరూ చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

ఐదో నెలలో ఒకరోజు నేను కార్డు చూస్తుంటే ఆమె అంది.

"చెవుల్లో ఏందో గుయ్‌మంటందండీ. పిండిమర తిరిగినట్టు. పడుకున్నా ఆగట్లా."

"బలమైన మందమ్మా. కొన్నాళ్ళు అట్టానే ఉంటది, తగ్గుద్ది."

"సూది ఒక వారం ఆపితే?"

"ఆపితే మొదటికొస్తది. ఇన్నాళ్ళు పడిన కష్టం పోద్ది. ఇంకెంత, రెండు నెలలు."

ఆమె తలూపింది. నేను కార్డులో ఆ రోజు గడిలో టిక్కు పెట్టాను. ఇబ్బందులు రాసే చోట "లేవు" అని రాశాను. ఆమె చెప్పింది నిజమే అయ్యుండొచ్చని నాకు తోచకపోలేదు. కానీ అది రాస్తే ఇంజక్షన్ ఆపమంటారు, ఆపితే ఆమె మిగతా మందులు కూడా మానేస్తుంది, మానేస్తే నా పరిధిలో మొదటి పేరు ఆమెదే అవుతుంది. నా బుర్ర ఆ వరసలో పోయింది. గుంటూరు పరీక్షకు అంతకు ముందు నెలా తీసుకెళ్ళలేదు, ఆ నెలా తీసుకెళ్ళలేదు. పత్తి తీతలున్నాయి, రాలేనని ఆమె అనలేదు. నేనే అనుకున్నాను.

ఆరు వారాల తర్వాత ఆమె కోసం ఇంటికి వెళ్తే పొలంలో ఉందన్నారు. ముందు రోజు వాన పడి నల్లరేగడి మన్ను బండి చక్రాలకు అంటుకుంటుంటే, బండిని డొంకలో ఆపి నడిచి వెళ్ళాను. ఆరేడుగురు ఆడవాళ్ళు వరసల్లో వంగి పత్తి తీస్తున్నారు. గట్టు మీద నుంచి "కోటేశ్వరమ్మా" అని పిలిచాను. అందరూ తలెత్తి నా వైపు చూశారు. ఆమె ఒక్కతే అలాగే వంగి కాయ నుంచి పత్తి లాగుతోంది. ఇంకా గట్టిగా పిలిచాను. పక్కనున్నామె భుజం తట్టి చూపించింది. అప్పుడు లేచి నన్ను చూసి నవ్వింది.

ఆ నవ్వు మామూలు నవ్వే. మర్నాడే ఆమెను గుంటూరు తీసుకెళ్ళాను.

రాజ్యలక్ష్మి గారు

అప్పుడు మా జిల్లా టీబీ అధికారి డాక్టర్ రాజ్యలక్ష్మి గారు. పొట్టిగా, ముతక చీరలో ఉండే మనిషి. పేషెంట్ల ఎదుట ఎవరినీ ఒక్క మాట అనేవారు కాదు. నా పై అధికారుల్లో కొందరు రిజిస్టర్లను చూశారు, కొందరు మమ్మల్ని చూశారు. ఈవిడ పేషెంటు పాదాలు, గోళ్ళు, కళ్ళ కింద రంగు చూసేవారు.

వినికిడి పరీక్ష గదిలోంచి కోటేశ్వరమ్మ బయటికి వచ్చాక, కాగితం చూసి ఇంజక్షన్ ఆ రోజు నుంచే ఆపించారు. మిగతా మాత్రలు కొనసాగించమన్నారు. పోయిన వినికిడి తిరిగి రాదని వెంకటేశ్వర్లుకు తనే చెప్పారు. అతను "మడిసి దక్కుద్దా అండీ?" అని అడిగాడు. దక్కుతుందని చెప్పారు.

తర్వాత నన్ను వరండా చివరికి పిలిచారు. కార్డు చేతిలో ఉంది.

"కార్డు చాలా బాగుంది మస్తాన్. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఆమె నీతో ఎప్పుడూ ఏమీ చెప్పలేదా?"

అబద్ధం ఆడొచ్చు. ఆమె చెప్పలేదు అంటే అక్కడితో అయిపోయేది. ఆమె చెప్పిందో లేదో ఎవరడుగుతారు, అడిగినా ఆమెకు వినబడదు. ఆ ఆలోచన కూడా నాకు వచ్చింది. దాచను.

"చెప్పింది మేడమ్. ఐదో నెలలో. నేనే తగ్గుద్దని చెప్పాను."

ఆవిడ అరవలేదు. పెన్ను తీసి నా చేతికిచ్చారు.

"అదే రాయి. తేదీ వేసి రాయి. ఏ నెలలో చెప్పింది, నువ్వేమన్నావు, ఎందుకు తీసుకురాలేదు."

వరండా పిట్టగోడ మీద కార్డు పెట్టి రాశాను. సంతకం పెట్టాక ఆవిడ చదివి, "ఇన్ని నెలలుగా వినికిడి పరీక్ష కాగితాలు ఎందుకు లేవని నేను కూడా అడగలేదు" అని కింద ఒక వాక్యం రాసి తన సంతకం పెట్టారు. నా మీద విచారణ జరిగింది, ఒక హెచ్చరిక వచ్చింది, దాని సంగతి ఇక్కడ అనవసరం. ఆ వాక్యం మాత్రం నేను మర్చిపోలేదు. తప్పును కింది వాడి మీదకు తోసేసే అధికారులను మీరు చాలామందిని చూస్తారు. పక్కన నిలబడి సంతకం పెట్టేవాళ్ళు ఒకరు దొరికితే అదృష్టం.

కోటేశ్వరమ్మ మిగతా కోర్సు పూర్తి చేసింది. టీబీ పోయింది. ఆ తర్వాత నేను దర్శికి బదిలీ అయ్యాను. నిజం చెప్పాలంటే బదిలీ నేనే అడిగాను.

చెల్లెలు

కొన్నేళ్ళకు మళ్ళీ ప్రత్తిపాడు వేశారు. వచ్చిన రెండో నెలలో, ఆసుపత్రి వరండాలో ఇద్దరు ఆడవాళ్ళు నా కోసం కూర్చుని ఉన్నారు. ఒకరు కోటేశ్వరమ్మ. పక్కన నాగమణి. అక్కకు తోడుగా ఒకే గదిలో పడుకున్న చెల్లెలు.

వినికిడి లేనివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. వరండా అంతా తిరిగి చూసేలా కోటేశ్వరమ్మ అంది.

"దీనికి దగ్గొస్తందండీ. నాకు ఇనపడదు. కనపడతంది. గొంతు దగ్గర నరం లేస్తంది, గాజులు మోచేతి దాకా జారుతున్నయ్. ఆర్‌ఎంపీ కాడికి పోతానంటే నేనే ఈడ్చుకొచ్చా."

నాగమణి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరీక్షలో అక్కకు ఉన్న మొండి టీబీయే తేలింది. అక్క దగ్గు నుంచి వచ్చి, ఇన్నాళ్ళు లోపల ఊరుకుని, ఇప్పుడు లేచింది. చెల్లెలు ఒక్క మాత్ర కూడా తప్పుగా వాడలేదు. ముదిరిన క్రిమి తయారుగానే ఆమెకు అందింది.

అప్పటికి వైద్యం మారింది. ఎక్కడో ఎవరో ఏళ్ళ తరబడి వెతికి, ఏవేవో పదార్థాలు పరీక్షించి, చివరికి ఒక కొత్త మందు పట్టుకున్నారు. దాంతోపాటు ఇంకొన్ని మాత్రలు కలిపి ఇస్తే ఇంజక్షన్ అక్కర్లేదు. ఆ మాత్రల డబ్బా బల్ల మీద పెట్టాను. కోటేశ్వరమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"సూది లేదా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

"మాత్రలేనా? నేను సూదులు పొడిపించుకునేనాటికి ఇయ్యి లేవా?"

ఆమె ఐదో తరగతి దాకా చదివింది. కాగితం మీద రాసి చూపించాను. అప్పటికే ఉన్నాయి, కొన్నిచోట్ల కొంతమందికి ఇస్తున్నారు, మన దాకా రాలేదు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదువుకుంది.

"ఎవరికిచ్చారండీ?" అంది.

ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. కొత్త మందు కనిపెట్టడం ఒక పని, అది పల్లె దాకా నడిచి రావడం ఇంకో పని. ఆ రెండింటి మధ్య ఉండేది కోటేశ్వరమ్మ లాంటివాళ్ళే.

నాగమణి వైద్యం కూడా తేలిగ్గా ఏమీ గడవలేదు. ఆ మాత్రల్లో ఒకటి ఒళ్ళు నల్లబరుస్తుంది. మొహం మాడినట్టయింది, అద్దం చూడనని ఏడ్చింది. ఏడో నెలలో ఒక పొద్దున ఫోన్ చేసింది.

"అరికాళ్ళు మంటలండీ. నిప్పుల మీద నిలబడ్డట్టు. నేల మీద కాలు పెడితే తెలియట్లా."

నేను టిఫిను వదిలి లేచాను. ఆ రోజే బస్సులో గుంటూరు తీసుకెళ్ళాను. దారి పొడవునా ఆమె చెప్పింది చెప్పినట్టు కార్డులో రాసుకున్నాను, నిప్పుల మాటతో సహా. రాజ్యలక్ష్మి గారు అప్పటికి రిటైరయ్యారు. కొత్త డాక్టరు గారు అదంతా చదివి, రక్తం పరీక్ష చేయించి, ఒక మాత్ర డోసు తగ్గించారు. మంట నెమ్మదించింది. ఏడాదిన్నరకు కోర్సు పూర్తయింది. కాలివేళ్ళలో తిమ్మిరి ఇప్పటికీ ఉంది. చెప్పు జారిపోయినా తెలియదంటుంది. కానీ అక్క పిలిస్తే వింటుంది.

ఇది చదివి కొత్త మందు గెలిచిందని అనుకోకండి. నేను రిటైరయ్యే ముందు దర్శిలో నా తర్వాత పనిచేస్తున్న అతను ఫోన్ చేశాడు. ఒక పేషెంటు ఈ కొత్త మాత్రలను కూడా ఒక నెల మింగి ఒక నెల మానేస్తూ వచ్చాడు. ఇప్పుడు ఆ మందు కూడా పనిచేయడం లేదని రిపోర్టు వచ్చింది. "ఇప్పుడేం చేద్దాం సార్?" అన్నాడు. ఏళ్ళ తరబడి వెతికి పట్టుకున్న మందు, ఒక మనిషిలో ఏడాదికే చేజారింది. ఆ ఫోన్ నాకు ఇప్పటికీ అన్నం మధ్యలో గుర్తొస్తుంది.

నా దగ్గు

పోయిన చలికాలం నాకు దగ్గు పట్టుకుంది. పరీక్షలో టీబీ లేదని తేలింది. అది ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది వేరే.

మూడు వారాలు దాటినా తగ్గలేదు. మా అన్నయ్య మనవరాలి పెళ్ళి దగ్గర పడుతోంది. పెళ్ళిలో దగ్గుతూ తిరిగితే అందరూ నా వైపే చూస్తారు. టీబీ ఆయన కదా, అంటించుకున్నాడంటారు. మెడికల్ షాపులో నిలబడి ఆ గట్టి యాంటీబయాటిక్ పేరు నేనే చెప్పాను. కుర్చీలోంచి లేవకుండానే అతను ఐదు మాత్రల పట్టీ ఇచ్చాడు. టీబీ ఉంటే దాన్ని కొన్నాళ్ళు కప్పిపెట్టే మందది, ఎంతమందిని దాని మీద కసిరానో నాకే తెలుసు. వేసుకున్నాను. నాలుగో మాత్రకు దగ్గు కాస్త తగ్గింది, ఐదోది పట్టీలోనే వదిలేశాను. పెళ్ళికి వెళ్ళి వచ్చాను. తర్వాత మళ్ళీ మొదలైంది.

ఖైరున్నీసా పోరు పడలేక కళ్ళె పరీక్షకు వెళ్ళాను. కొత్తగా చేరిన సూపర్‌వైజరు, ప్రసన్న అనే అమ్మాయి. నన్నెప్పుడూ చూసినట్టు లేదు. నేనూ నా ఉద్యోగం సంగతి చెప్పలేదు. పేరు, ఊరు, వయసు రాసుకుని అడిగింది.

"దగ్గుకు ఇదివరకు ఏమైనా మందులు వాడారా అండీ?"

"లేదమ్మా" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆమె "లేదు" అని రాసింది. డబ్బా తీసుకుని బయటికి వచ్చి గేటు దాకా నడిచాను. నా ఎదుట ఆ మాట చెప్పిన మొహాలు వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. వాళ్ళను మొండివాళ్ళనుకున్నాను, తెలివితక్కువ వాళ్ళనుకున్నాను. అడిగిన మనిషి ముందు చిన్నబోవడం ఇష్టం లేక అంటారని ఒక్కసారీ అనుకోలేదు.

వెనక్కి వెళ్ళాను. ఆమె ఇంకో పేషెంటుతో మాట్లాడుతోంది. అయ్యేదాకా ఆగాను.

"అమ్మా, నేను తప్పు చెప్పాను. మాత్రలు వేసుకున్నాను. నేనే కొనుక్కున్నాను."

ఆమె కసరలేదు, ఆశ్చర్యపోలేదు. నా కాగితం వెతికి తీసింది. "లేదు" మీద ఒక గీత గీసింది.

"ఏం మాత్రలండీ?"

పేరు చెప్పాను. అక్షరం తప్పు పోకుండా రాసుకుంది.

"ఎన్ని వేసుకున్నారు?"

"మూడు."

రాయలేదు. పెన్ను కాగితం మీద ఆపి, తలెత్తి, నేను చెప్పేదాకా ఆగింది.

"నాలుగమ్మా" అన్నాను.